కారు లోపలికి క్లీనింగ్ సామాను: ఏ సీసా దేనికి, ఏది అసలు వద్దు

నా దగ్గర ఒకప్పుడు కారు లోపలి భాగాలు తుడవడానికే పదకొండు సీసాలుండేవి. డ్యాష్‌బోర్డ్‌కి ఒకటి, దాని మీద మెరుపుకి ఇంకొకటి, సీట్లకు రెండు, వాసనకు మూడు, ఇలా. ఇన్ని ఉండి కూడా ఒక ఆదివారం తొందరలో చేతికందిన అద్దాల స్ప్రేని స్పీడోమీటర్ మీదున్న పారదర్శకమైన పలక మీద కొట్టి తుడిచేశాను. ఆ రోజు తళతళలాడింది. కొన్ని వారాల తర్వాత ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే పలక నిండా సాలెగూడు లాంటి సన్నని గీతలు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అంతకుముందున్న దుమ్మయితే తడిగుడ్డతో పోయేది. ఈ గీతలు దేనితోనూ పోలేదు.

ఆ స్ప్రేలో లోపమేమీ లేదు. అది గాజు కోసం చేసింది, నేను తుడిచింది ప్లాస్టిక్. కారు లోపల జరిగే నష్టాల్లో చాలావరకు ఇలాంటివే: మందు మంచిదే, రోగి వేరు. అందుకే సామాను కొనేటప్పుడు సీసాతో మొదలుపెట్టకండి. ముందు ఏ ఉపరితలం, తర్వాత ఏ మురికి, ఆ తర్వాతే ఏ సీసా. ఈ వరుస పాటిస్తే నాలుగైదు వస్తువులతో కారంతా శుభ్రంగా ఉంచుకోవచ్చు.

1. కారులో ఏమేం పదార్థాలున్నాయో చూసుకోండి

డోర్లు తీసి, ఒక కాగితం పట్టుకుని ఐదు నిమిషాలు కూర్చోండి. కారు యజమాని మాన్యువల్‌లో లోపలి భాగాల శుభ్రత గురించి విడిగా కొన్ని పేజీలు ఉంటాయి. ఎవరూ చదవరు గానీ ఏ భాగానికి ఏది వాడకూడదో అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని చూడండి.

డ్యాష్‌బోర్డ్, డోర్ ప్యానెళ్లు ప్లాస్టిక్. కానీ అన్నీ ఒకే ప్లాస్టిక్ కాదు. చేత్తో నొక్కితే మెత్తగా దిగే పై పొర ఒక రకం, గట్టిగా గరుగ్గా ఉండే కింది భాగం ఇంకో రకం, గేర్ చుట్టూ అద్దంలా నల్లగా మెరిసేది మూడో రకం. ఈ మూడోదాన్ని పియానో బ్లాక్ అంటారు. చూపుకి బాగుంటుంది, పొడిగుడ్డతో ఒక్కసారి రుద్దినా గీతలు పడుతుంది.

సీట్ల దగ్గర చాలామంది పొరబడతారు. లెదర్ సీట్లు అని అమ్మిన కార్లలో కూడా వీపు, తొడలు ఆనే చోట మాత్రమే అసలు తోలు ఉండి, పక్కలు, వెనకభాగం రెక్సిన్ లాంటి కృత్రిమ పదార్థంతో ఉండటం మామూలే. అసలు తోలులోనూ ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండేది రంగు పూత, దాని మీద పాలీయూరిథేన్ రక్షణ పొర వేసిన రకం. అంటే మీరు తుడిచేది తోలుని కాదు, తోలు మీది పూతని. పూత ఉందో లేదో తెలుసుకోవాలంటే కంటికి కనబడని మూల ఒక్క చుక్క నీళ్లు వేయండి. చుక్క ముత్యంలా నిలబడితే పూత ఉన్నట్టు. లోపలికి ఇంకి అక్కడ రంగు ముదిరితే పూత లేని తోలు. అలాంటిదానికి దాని కోసమే చేసిన క్లీనర్ తప్ప వేరే ఏదీ తగలనివ్వకండి.

కొన్ని కార్లలో స్టీరింగ్ మీద, సీట్ల మీద మఖమల్‌లా ఉండే స్వేడ్ రకం గుడ్డ ఉంటుంది. ఇందులో పేరున్న అల్కాంటారా జంతు చర్మం కానే కాదు. సుమారు 68 శాతం పాలియెస్టర్, 32 శాతం పాలీయూరిథేన్. కాబట్టి దానికి లెదర్ క్రీమ్ పూస్తే నూగు అంతా అంటుకుపోయి జిడ్డు గుడ్డ అయిపోతుంది.

ఇవి కాక పైకప్పు గుడ్డ, కార్పెట్, సీట్ బెల్టులు, టచ్‌స్క్రీన్, అద్దాలు, అద్దాలకు ఫిల్మ్ ఉంటే అది, రబ్బర్ మ్యాట్లు. ఇవన్నీ రాసుకున్నాక మీ కారుకి నిజంగా ఏ సీసాలు అవసరమో సగం తేలిపోతుంది. గుడ్డ సీట్ల కారుకి లెదర్ కిట్ ఎవరైనా బహుమతిగా ఇచ్చినా అది అటకెక్కాల్సిందే.

2. మురికి ఏ జాతిదో పోల్చుకోండి

కారులో కనిపించే మురికిలో చాలావరకు పొడి దుమ్ము. దానికి కెమికల్ అక్కర్లేదు, వాక్యూమ్, మెత్తని బ్రష్ చాలు. దుమ్ము మీద స్ప్రే కొడితే అది బురదై ప్లాస్టిక్ గరుకు సందుల్లోకి పోతుంది.

స్టీరింగ్, గేర్ నాబ్, ఆర్మ్‌రెస్ట్ మీద నల్లగా, నిగనిగలాడుతూ కనిపించేది చేతుల జిడ్డు, చెమట, లోషన్. కొత్తలో స్టీరింగ్ మెరుపు లేకుండా, మ్యాట్‌గా ఉంటుంది. మెరుస్తోందంటే పాలిష్ వచ్చిందని కాదు, మురికి పట్టిందని అర్థం. దీనికి సబ్బు గుణం ఉన్న క్లీనర్ కావాలి.

పాలు, రక్తం, వాంతి లాంటివి ప్రోటీన్ మరకలు. వేడినీళ్లు పోస్తే ప్రోటీన్ గడ్డకట్టి దారాలకు పట్టేసుకుంటుంది, కాబట్టి చల్లనీళ్లే. మరకతోపాటు వాసన కూడా వదలాలంటే మరకని చిన్న ముక్కలుగా విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ కావాలి. టీ, కాఫీ మరకలు కాస్త ఆమ్ల గుణం ఉన్నవాటికి లొంగుతాయి. గ్రీజు, నూనె క్షార గుణానికి లొంగుతాయి. బాల్‌పెన్ సిరాకి ఆల్కహాల్ పనిచేస్తుంది గానీ కింద ఉన్న రంగుని కూడా లాగేస్తుంది. జీన్స్ నుంచి లేతరంగు సీటుకి అంటిన నీలం ఎంత త్వరగా తుడిస్తే అంత మంచిది. నెలల తరబడి వదిలేస్తే పూతలోకి దిగిపోతుంది.

ఒక విషయం చాలామందికి తెలియదు. దోమల క్రీముల్లో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ని, రెక్సిన్ లాంటి వినైల్‌ని మెత్తబరిచి తినేస్తుంది. ఆ క్రీమ్ రాసుకున్న చేత్తో డోర్ హ్యాండిల్ పట్టుకుంటే పడే వేలిముద్ర మురికి కాదు, దెబ్బ. ఎంత ఖరీదైన క్లీనర్ కొన్నా అది పోదు.

3. సీసా ముందువైపు కాదు, వెనకవైపు చదవండి

ముందువైపు ఉండేది ప్రకటన. వెనకవైపు చిన్న అక్షరాల్లో మూడు సంగతులు వెతకండి: పీహెచ్, ఎంత నీళ్లు కలపాలి, దేని మీద వాడకూడదు.

పీహెచ్ అంటే ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత. 7 అంటే తటస్థం. కింద ఉంటే ఆమ్లం, పైన ఉంటే క్షారం. ఈ కొలతలో ఒక అంకె తేడా అంటే పది రెట్లు. అంటే 8 కంటే 11 ఏదో కొంచెం ఎక్కువ కాదు, వెయ్యి రెట్లు ఎక్కువ క్షారం. మార్కెట్లో ఆల్ పర్పస్ క్లీనర్ పేరుతో దొరికే బలమైన రకాలు గాఢంగా ఉన్నప్పుడు 11, 12 దాకా ఉంటాయి. అవి ఇంజిన్ గదికి, టైర్లకు సరే. అల్యూమినియం పట్టీల మీద పడితే తెల్లటి మచ్చలు మిగులుతాయి, తోలు ఎండిపోతుంది. కారు లోపల రోజువారీ పనికి 7 నుంచి 9 మధ్య ఉన్నది చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

లేబుల్ మీద పీహెచ్ లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ ఉత్పత్తి సేఫ్టీ డేటా షీట్ వెతకండి. మామూలుగా అందులో 16 విభాగాలుంటాయి. 3వ దాంట్లో ప్రమాదకరమైన పదార్థాల పేర్లు, 9వ దాంట్లో పీహెచ్ లాంటి వివరాలు ఉంటాయి. ఆ షీట్ ఎక్కడా పెట్టని కంపెనీ సీసాని నేనైతే కొనను.

నీళ్లు కలిపే లెక్క దగ్గర తికమక ఉంటుంది. 1:10 అంటే ఒక వంతు క్లీనర్‌కి పది వంతుల నీళ్లు, మొత్తం పదకొండు వంతులు. అర లీటరు స్ప్రే సీసా నింపాలంటే సుమారు 45 మిల్లీలీటర్ల క్లీనర్, 455 మిల్లీలీటర్ల నీళ్లు. ముందు నీళ్లు పోసి తర్వాత క్లీనర్ పోయండి. తిరగేస్తే సీసా నిండా నురగే. చిక్కగా కలిపితే బాగా పోతుందనుకోవడం పొరపాటు. మిగిలిపోయిన సబ్బు పొర ఆరాక జిగురుగా మారి దుమ్ముని ఇంకా పట్టుకుంటుంది. తుడిచిన వారానికే సీటు మళ్లీ మాసిందంటే కారణం చాలాసార్లు ఇదే.

కొన్ని మాటలకు మోసపోకండి. "సహజం" అని రాసి ఉన్నంత మాత్రాన మృదువు కాదు. నారింజ తొక్క నుంచి తీసే నూనె సహజమే, అది కొన్ని ప్లాస్టిక్‌లను కరిగించే ద్రావకం కూడా. "అన్ని ఉపరితలాలకు" అన్న మాట కనిపిస్తే వెనక్కి తిప్పి చూడండి. తోలు, స్వేడ్, స్క్రీన్‌లు మినహా అని అక్కడ రాసి ఉండే అవకాశం ఎక్కువ. ఘాటైన సువాసన శుభ్రతకు గుర్తు కాదు. ఇంట్లో పసిపిల్లలో, ఆస్తమా ఉన్నవాళ్లో ఉంటే వాసన లేనిదే తీసుకోండి, కారు మూసిన పెట్టె లాంటిది కదా.

4. ఒక్కో భాగానికి ఏది తీసుకోవాలి

*ప్లాస్టిక్ భాగాలు.* తటస్థ పీహెచ్ ఉన్న ఇంటీరియర్ క్లీనర్ ఒకటి కొంటే కారులో అత్యధిక భాగానికి అదే సరిపోతుంది. నీళ్ల ఆధారిత రకం తీసుకోండి. పెట్రోలియం ద్రావకాలు ఉన్నవి వాడగానే నిగనిగలాడతాయి గానీ, లోపలికి అక్కర్లేదు. ఎప్పుడూ గుడ్డ మీద స్ప్రే చేసి తుడవండి, భాగం మీద నేరుగా కొట్టకండి. స్విచ్‌ల సందుల్లోకి, స్పీకర్ జాలీలోకి తడి పోతే తర్వాత వచ్చే ఖర్చు క్లీనర్ ధరతో పోల్చేది కాదు. పియానో బ్లాక్ భాగాల మీద ముందు దుమ్ము ఊదేసి, బాగా తడిపిన మెత్తని మైక్రోఫైబర్‌తో ఒత్తిడి లేకుండా లాగండి.

*స్క్రీన్, స్పీడోమీటర్ పలక.* నేను దెబ్బతిన్న చోటు. పలక సాధారణంగా ఆక్రిలిక్ లేదా పాలికార్బొనేట్. అమోనియా, ఆల్కహాల్, అసిటోన్ ఉన్న ఏ క్లీనర్ తగిలినా ఇలాంటి ప్లాస్టిక్‌లో సన్నని పగుళ్లు రావచ్చు. టచ్‌స్క్రీన్ మీద వేలిముద్రలు పట్టకుండా, కాంతి తిరిగి కొట్టకుండా సన్నని పూతలుంటాయి. పదేపదే ఘాటైనవి వాడితే అవి మచ్చలు మచ్చలుగా లేచిపోతాయి. ఇక్కడికి సరైన సామాను శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ, కాస్త డిస్టిల్డ్ వాటర్. అంతే. మామూలు కుళాయి నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఆరాక చుక్కలు కనిపిస్తాయి కాబట్టి డిస్టిల్డ్ అంటున్నాను. జిడ్డు ఎక్కువుంటే స్క్రీన్‌ల కోసమే చేసిన, ఆల్కహాల్ లేని ద్రవం.

*తోలు, రెక్సిన్.* తోలు సహజంగా కొద్దిగా ఆమ్ల గుణం కలది, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. అందుకే బట్టల సబ్బు లాంటి క్షారాలు దానికి పడవు. తటస్థంగానో కాస్త ఆమ్లం వైపో ఉండే లెదర్ క్లీనర్, దానికి తోడు మెత్తని బ్రష్ తీసుకోండి. నురగను బ్రష్ మీద వేసుకుని చిన్న సున్నాలు చుడుతూ రుద్ది, వెంటనే తడిగుడ్డతో తీసేయాలి. గాలి వచ్చే సన్నని రంధ్రాల సీట్లయితే ద్రవాన్ని నేరుగా చల్లొద్దు, రంధ్రాల్లో తెల్లగా గడ్డకడుతుంది.

కండిషనర్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పూత వేసిన తోలుకి నూనెలు పట్టించడం వల్ల లోపలికి చేరేది బహు తక్కువ. పూతని అరగదీసేది ఎండా, బట్టల రాపిడీ, ఆ రాపిడికి ఇసుకలా తోడయ్యే మురికీ. కాబట్టి డబ్బు కండిషనర్ మీద కాకుండా క్లీనర్ మీద పెట్టండి. కావాలంటే ఎండ నుంచి కాపాడే, జిడ్డు మిగల్చని రక్షణ ద్రవం ఏడాదికి రెండు మూడుసార్లు రాయొచ్చు. పూత లేని తోలుకి మాత్రం కండిషనర్ అవసరమే.

*గుడ్డ సీట్లు, కార్పెట్.* ఇక్కడ శత్రువు మురికి కంటే తడి. సీటు గుడ్డ కింద మందమైన ఫోమ్ ఉంటుంది. నీళ్లు లోపలికి దిగితే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల ఒకటి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. అందుకే ద్రవం కంటే నురగలా వచ్చే ఫోమ్ రకం క్లీనర్ మేలు, తక్కువ నీళ్లతో పని అయిపోతుంది. నీళ్లు పీల్చే వాక్యూమ్ మీ దగ్గర ఉంటేనే ద్రవం జోలికి పోండి.

ఒక మరకని తుడిస్తే పోయినట్టే పోయి, ఆరాక అదే చోట మళ్లీ ప్రత్యక్షమవడం మీరూ చూసే ఉంటారు. అది క్లీనర్ చేతగానితనం కాదు. పైన నీరు ఆవిరవుతుంటే ఫోమ్ అడుగున దాగిన మరక దీపం ఒత్తిలో నూనెలా పైకి ఎక్కుతుంది. తుడిచాక పొడి టవల్ పరిచి దాని మీద బరువు పెట్టి, ఆ ఎక్కేదేదో టవల్‌లోకి ఎక్కేలా చేయండి.

ఎంజైమ్ క్లీనర్ కొంటే ఓపిక కూడా కొనుక్కోవాలి. అది కొట్టి తుడిచేది కాదు. లేబుల్ మీద చెప్పినంతసేపు ఆ చోటు తడిగా ఉండాలి. అంతకుముందు అక్కడ క్రిమిసంహారకం చల్లి ఉంటే ఎంజైమ్‌లు పనిచేయకపోవచ్చు. మరక మీద మొదట పడేది ఎంజైమే అవ్వాలి.

సీట్ల కింద కార్పెట్ తడిపేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ కనిపించే పసుపురంగు ప్లగ్గులు మామూలుగా ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. వాటిని తడపడం, పీకడం రెండూ చేయకండి.

*స్వేడ్ రకం.* మెత్తని బ్రష్, పిండేసిన తడిగుడ్డ. జిడ్డు పడితే స్వేడ్‌కి ప్రత్యేకించిన క్లీనర్. ఆరాక మళ్లీ బ్రష్‌తో నూగు లేపాలి.

*పైకప్పు.* నన్నడిగితే ఇక్కడ వీలైనంత తక్కువ చేయడమే మంచి పని. గుడ్డ, దాని వెనక సన్నని ఫోమ్, ఆ రెంటినీ అట్టకి పట్టి ఉంచే జిగురు. తడిసినా, ఆవిరి తగిలినా జిగురు వదిలేసి గుడ్డ గుడారంలా వేలాడుతుంది. మరక ఉన్నంత మేరకే ఫోమ్ క్లీనర్ గుడ్డకి రాసుకుని అద్దండి, రుద్దకండి.

*అద్దాలు.* లోపలివైపు అద్దం మీద పొగమంచులా పట్టే పొర ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? వినైల్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు ఎండకి ఆవిరై అద్దం మీద పేరుకుంటాయి. కొత్త కార్లలో ఇది ఎక్కువ. అది నూనె లాంటి పొర కాబట్టి ఉత్త నీళ్లతో చెదురుతుందే గానీ పోదు. అమోనియా లేని గ్లాస్ క్లీనర్ తీసుకోండి. ఫిల్మ్ అంటించిన అద్దాలైతే ఈ నియమం మరీ ముఖ్యం, అమోనియా ఫిల్మ్‌ని పాడుచేస్తుంది. రెండు గుడ్డలు వాడండి, ఒకటి తడికి, ఒకటి పొడికి. లోపలివైపు అడ్డంగా, బయటివైపు నిలువుగా తుడిస్తే గీత మిగిలినప్పుడు అది ఏ వైపుదో ఇట్టే తెలుస్తుంది. వెనక అద్దం లోపల సన్నని వేడి తీగలుంటాయి కాబట్టి అక్కడా అడ్డంగానే, తీగల వెంబడి తుడవాలి.

*సీట్ బెల్టులు.* ప్రాణం కాపాడే దారాలివి. బ్లీచ్, బలమైన ద్రావకాలు, రంగులు తగిలితే వాటి బలం తగ్గుతుంది, తగ్గినట్టు కంటికి కనబడదు. గోరువెచ్చని నీళ్లు, మృదువైన సబ్బు, అంతకుమించి ఏమీ వద్దు. బెల్ట్ పూర్తిగా బయటికి లాగి, వెనక్కి పోకుండా క్లిప్ పెట్టి, తుడిచి, బాగా ఆరాకే వదలండి. పిల్లల సీటు పట్టీలకూ ఇదే.

5. మెరుపు ఇచ్చేవాటి సంగతి

ప్లాస్టిక్ మీద రాసే డ్రెస్సింగ్‌లు చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. సిలికాన్ చెడ్డదేమీ కాదు, ఎంత రాస్తామన్నదే ప్రశ్న. డ్యాష్‌బోర్డ్ బాగా మెరిస్తే ఎండలో దాని ప్రతిబింబం ముందు అద్దంలో పడి రోడ్డు కనబడదు. కార్లు తయారైనప్పుడు డ్యాష్‌బోర్డ్ మ్యాట్‌గా ఉండేది ఊరికే కాదు. అందుకని నీళ్ల ఆధారిత, మ్యాట్ ఫినిష్ అని రాసి ఉన్నది, ఎండ నుంచి రక్షణ ఉన్నది ఎంచుకోండి. రాసి పది నిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచేయండి. వేలితో తాకితే ఏమీ అంటకూడదు.

స్టీరింగ్, పెడల్స్, గేర్ నాబ్, రబ్బర్ మ్యాట్ల పైభాగం: వీటికి ఏ మెరుపు ద్రవమూ వద్దు. ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. బ్రేక్ మీద కాలు జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

6. వాసనకు సీసా కొనేముందు

నా పదకొండు సీసాల్లో మూడు వాసనవే అన్నాను కదా. మూడూ చేసింది ఒకటే, చెడు వాసన మీద మంచి వాసన పరచడం. రెండూ కలిసి మూడో వాసన పుట్టేది.

ముందు మూలం వెతకండి. కార్పెట్ కింద తడి ఉందా చేత్తో నొక్కి చూడండి. ఏసీ వేసిన మొదటి నిమిషంలో మాత్రమే వాసన వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ మార్చండి, చాలామంది అది ఉందనే మర్చిపోతారు. ఆ తర్వాత కూడా వస్తుంటే ఏసీ లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద తేమకి బూజు పట్టి ఉంటుంది. దానికి ఏసీ ఎవాపరేటర్ కోసమే చేసిన క్లీనర్లున్నాయి. దిగడానికి కొన్ని నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం తిప్పితే ఆ తేమ ఆరుతుంది, ఇది ఖర్చు లేని మందు.

మూలం తీసేశాక మిగిలిన వాసనకి యాక్టివేటెడ్ చార్‌కోల్ సంచి చాలు. వాసన పోగొట్టడానికి ఓజోన్ వాయువు వదిలే యంత్రాలు మాత్రం మీ అంతట మీరు ప్రయోగించకండి. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, రబ్బర్‌ని పగలగొడుతుంది.

7. గుడ్డలు, బ్రష్‌లు

క్లీనర్ మీద వెయ్యి ఆలోచనలు చేసి, చివరికి పాత బనియన్ గుడ్డతో తుడుస్తాం. గీతలు పడేది అక్కడే. మైక్రోఫైబర్ గుడ్డల మీద 80/20, 70/30 అని ఉంటుంది. మొదటి అంకె పాలియెస్టర్, రెండోది పాలిమైడ్. పాలిమైడ్ ఎక్కువుంటే మెత్తదనం, పీల్చే గుణం పెరుగుతాయి. స్క్రీన్‌కి 70/30, మిగతా పనికి 80/20 చాలు. అంచు కుట్టు గరుగ్గా ఉన్నవి వద్దు. రంగుల వారీగా విడదీసుకోండి: అద్దాలకు ఒక రంగు, సీట్లకు ఒకటి, కింది భాగాలకు ఒకటి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, దాని పూత దారాలను మూసేసి గుడ్డ తుడవడం మానేసి పులమడం మొదలుపెడుతుంది.

బ్రష్‌లు రెండు: ఏసీ వెంట్ల సందులకు పెయింట్ బ్రష్ లాంటి మెత్తనిది, కార్పెట్‌కి గట్టిది. రెంటినీ తారుమారు చేయకండి.

తెల్లటి మ్యాజిక్ స్పాంజ్ గురించి అడుగుతారు. అది మెలమైన్ ఫోమ్, అంటే అతి సన్నని ఉప్పుకాగితం అనుకోండి. మురికితోపాటు పైపొరనీ కొంచెం గీకుతుంది. గట్టి ప్లాస్టిక్ మీది బూటు గీతలకు ఒకసారి సరే. తోలు మీద, మెరిసే భాగాల మీద వద్దే వద్దు.

8. ఇంట్లో ఉన్నవి పనికొస్తాయా?

కొన్ని వస్తాయి. రంగు, ఘాటు లేని గిన్నెల లిక్విడ్ రెండు మూడు చుక్కలు లీటరు నీళ్లలో వేస్తే ప్లాస్టిక్‌కి, బెల్టులకు, రబ్బర్ మ్యాట్లకు చక్కటి క్లీనర్. తర్వాత ఉత్త నీటి గుడ్డతో ఒకసారి తుడవాలి. బేకింగ్ సోడా కార్పెట్ మీద చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేస్తే కొంత వాసన పీలుస్తుంది. వెనిగర్ పలచగా చేసి గుడ్డ సీటు మీది టీ మరకకి వాడొచ్చు. వెనిగర్‌నీ సోడానీ కలిపి పొంగించడం మాత్రం తమాషాకే, ఒకదాన్నొకటి చంపుకుని దాదాపు ఉత్త నీళ్లు మిగులుతాయి.

టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, షేవింగ్ క్రీమ్, హ్యాండ్ శానిటైజర్ చిట్కాలు వీడియోల్లో చూడటానికి బాగుంటాయి. టూత్‌పేస్ట్‌లో గీకే పొడి ఉంటుంది. నూనె దుమ్ముకి అయస్కాంతం. శానిటైజర్ రాసుకున్నాక చేతులు ఆరకుండా స్టీరింగ్ పట్టుకోవడం కూడా మంచిది కాదు, ఆల్కహాల్ పూతని మెల్లగా తింటుంది.

9. కొత్త సీసా తెరిచాక

సీటు వెనకో, డోర్ కింది అంచునో రూపాయి బిళ్లంత చోట రాసి, తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ సీసా ఆ భాగానికి పనికిరాదు. అంటకపోయినా పూర్తిగా ఆరేదాకా ఆగండి, మచ్చ తడిలో కనబడదు. ఎండలో నిలబెట్టిన కారు మీద ఈ పని చేయకండి. డ్యాష్‌బోర్డ్ 70 డిగ్రీల దరిదాపులకి కాలుతుంది, ఏ ద్రవమైనా తుడిచేలోపే ఆరి అచ్చు పడుతుంది.

పని పై నుంచి కిందికి సాగాలి: పైకప్పు, డ్యాష్‌బోర్డ్, డోర్లు, సీట్లు, చివరికి కార్పెట్. అద్దాలు అన్నిటికంటే ఆఖర్న, ఎందుకంటే మిగతా స్ప్రేల తుంపర్లు వాటి మీదే పడతాయి. డోర్లన్నీ తీసి ఉంచండి.

క్రిమిసంహారకం అవసరమైతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గట్టి ప్లాస్టిక్ హ్యాండిళ్లకు, బకిల్స్‌కి వాడొచ్చు. 100 శాతం దానికంటే ఇదే మెరుగు, కొంత నీరు ఉండటం వల్ల వెంటనే ఆవిరైపోదు. స్పీడోమీటర్ పలకకీ, తోలుకీ దూరం.

బ్లీచ్ కారులోకి రానే కూడదు. అమోనియాతో కలిస్తే క్లోరమైన్, ఆమ్లంతో కలిస్తే క్లోరిన్, రెండూ విషవాయువులే. మూసిన కారులో కూర్చుని ఏ రెండు క్లీనర్లనూ కలపకండి.

మొదటిసారి కొనేవాళ్లకు నా జాబితా

తటస్థ ఇంటీరియర్ క్లీనర్ ఒకటి, అమోనియా లేని గ్లాస్ క్లీనర్ ఒకటి, సీట్లను బట్టి ఫోమ్ క్లీనరో లెదర్ క్లీనరో ఒకటి, ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బ్రష్‌లు, ఒక సీసా డిస్టిల్డ్ వాటర్. ఎంజైమ్ క్లీనర్ ఇంట్లో చిన్నపిల్లలో పెంపుడు జంతువో ఉంటేనే. ఎండ రక్షణ ద్రవం కారు ఎక్కువగా ఆరుబయట ఉంటేనే. మొదటిసారి చిన్న సీసాలే తీసుకోండి, నచ్చాక పెద్దది కొనొచ్చు.

కొన్నాక వాటిని డిక్కీలో వదిలేయకండి. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని రాసి ఉంటుంది, ఎండలో ఆగిన కారు అంతకంటే ఎక్కువే కాగుతుంది. ఎంజైమ్ క్లీనర్ కూడా వేడికి చచ్చిపోతుంది. నీళ్లు కలిపి పెట్టుకున్న ప్రతి సీసా మీద ఏ క్లీనరో, ఎంత కలిపారో, ఏ తేదీనో మార్కర్‌తో రాయండి. నా స్ప్రే సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, అందుకే గ్లాస్ క్లీనర్ సీసా మెడకి ఎర్ర టేప్ చుట్టి పెట్టుకున్నాను. ఎర్ర టేప్ కనిపిస్తే చెయ్యి స్పీడోమీటర్ వైపు పోదు.